మాంటిస్సోరి బడి మొదట ఎవరి పిల్లల కోసం?



ఈసారి చిన్నపిల్లల చదువు గురించి వ్రాస్తున్నాం. మాది పల్లెటూరి సంఘమే అయినా, మా వాళ్లలో చాలా కుటుంబాలు ఇప్పుడు నాగోల్‌లో బ్రతుకుతున్నాయి. విజయవాడ రోడ్డు మీద బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగితే అక్కడి నుండి ఆటోలో కొద్ది దూరమే. కొందరు మూసీ వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లలో మేస్త్రీల వెంట సెంట్రింగ్ పనికి, ఇటుక పనికి పోతారు. కొందరు కట్టడం పూర్తయిన అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ గదిలో కాపురం పెట్టారు. భర్త గేటు చూసుకుంటే, భార్య పైన నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. పండుగకు ఊరికి వచ్చినప్పుడు, ఇంట్లో మూడేళ్ల బిడ్డ ఉన్నవాళ్లు మమ్మల్ని తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "అయ్యగారూ, మా సందుల మాంటిస్సోరి బడి అని బోర్డు పెట్టిండ్రు. పిల్లగాన్ని అండ్ల ఏస్తె మంచిదేనా? అప్పు జేసైనా ఫీజు గడ్తం."

ఈ ప్రశ్నను తేలికగా తీసుకోవడానికి లేదు. అప్పు అనే మాట అందులో ఉంది. బిడ్డ భవిష్యత్తు అనే మాట కూడా అందులో ఉంది. అందుకే మా అభిప్రాయం దాచకుండా ముందే చెప్తున్నాం. మాంటిస్సోరి పద్ధతి మంచిది. అయితే బోర్డు మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన లోపల ఆ పద్ధతి ఉన్నట్టు కాదు. అప్పు చేసి ఆ పేరును కొనవలసిన అవసరం అంతకంటే లేదు. ఎందుకంటే ఆ పద్ధతి మొదలైందే, అప్పు కూడా పుట్టని కూలివాళ్ల పిల్లల మధ్య. మన దేశంలో దాని కొమ్మ ఒకటి పాకుతూ పాకుతూ మన ఊరి అంగన్‌వాడీ దాకా వచ్చింది. మన ఇంటి ముందున్న చెట్టుకు నీళ్లు పోయకుండా, బజారులో అదే పండు కొనడానికి అప్పు చేస్తున్నాం. ఇదీ మా బాధ. ఎలాగో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

రోమ్ నగరపు కూలివాడలో

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో పుట్టారు. 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా తీసుకున్నారు. ఆడపిల్ల డాక్టరు కావడమే అరుదైన రోజులవి. ఆమె మొదట పనిచేసింది, బుద్ధి ఎదగలేదని లోకం పక్కకు నెట్టేసిన పిల్లల మధ్య. ఇటార్, సెగాన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు అంతకు ముందే వ్రాసిపెట్టిన పద్ధతులను ఆమె శ్రద్ధగా చదివారు. ఆ పిల్లల చేతులకు పని, వేళ్లకు తాకి చూసే వస్తువులు ఇచ్చారు. ఏమీ రాదనుకున్న ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు వ్రాసే పరీక్షలోనే నెగ్గారు. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. ఈ పిల్లలే ఇంత చేయగలిగినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను మన బళ్లు ఎంత కిందికి అణచిపెడుతున్నాయి అని.

ఆ దిగులుకు జవాబు వెతికే అవకాశం 1907లో వచ్చింది. రోమ్‌లో సాన్ లొరెంజో అనే పేటలో కూలివాళ్లు కాపురముండే ఇళ్ల సముదాయం ఒకటి ఉండేది. తల్లిదండ్రులు తెల్లవారితే పనికి పోయేవారు. బడి ఈడు రాని పిల్లలు రోజంతా మెట్ల మీద, వరండాల్లో తిరుగుతూ గోడలు పాడుచేసేవారు. ఆ ఇళ్లను చూసుకునే సంస్థకు గోడలు కాపాడుకోవాలి. అందుకని ఒక గది ఇచ్చి, ఈ పిల్లలను చూడమని ఆమెను అడిగారు. అలా జనవరి 6న దాదాపు 50 మంది పిల్లలతో 'పిల్లల ఇల్లు' తెరుచుకుంది. క్రైస్తవ క్యాలెండరులో ఆ రోజు తూర్పు దేశపు జ్ఞానులు బాలుని దర్శించుకున్న పండుగ. పెద్ద చదువులు చదివినవాళ్లు ఒక పసివాని ముందు వంగిన రోజు అది. ఆ గదిలో జరిగింది కూడా ఇంచుమించు అదే.

ఆ గదిలో పిల్లలను చూసుకోవడానికి పెట్టినది ఉపాధ్యాయ శిక్షణ లేని ఒక సామాన్య స్త్రీని. డాక్టరమ్మ వచ్చి పిల్లలను గమనించి వెళ్లేవారు. ఒకరోజు మూడేళ్ల పాప ఒకతె, చెక్క దిమ్మెలో రకరకాల గుండ్రటి ముక్కలను వాటి వాటి గుంటల్లో పెట్టడంలో మునిగిపోయి ఉంది. చుట్టూ మిగతా పిల్లల చేత పాటలు పాడించారు. పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్ల మీద పెట్టారు. అయినా ఆ పాప తల ఎత్తలేదు. నలభైకి పైగా సార్లు అదే పని చేసి, చివరికి తానే ఆపి, కమ్మని నిద్ర నుండి లేచినట్టు నవ్వుతూ చుట్టూ చూసింది. మూడేళ్ల పిల్లలకు నిలకడ ఉండదని మనమందరం అంటాం. వాళ్ల స్థాయికి తగిన పని ఇస్తే ఎంత నిలకడ ఉంటుందో ఆ పాప చూపించింది.

మరొక సంగతి మా మనసుకు ఇంకా దగ్గరిది. ఒకరోజు ఆమె పిల్లలకు ముక్కు ఎలా చీదుకోవాలో నేర్పారు. చేతిగుడ్డ ఎలా పట్టుకోవాలి, చప్పుడు లేకుండా ఎలా తుడుచుకోవాలి, అంతే. పిల్లలు నవ్వకుండా శ్రద్ధగా విన్నారు. అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు? చీమిడి ముక్కు అని వాళ్లను తిట్టినవాళ్లే గాని, అప్పటి దాకా నేర్పినవాళ్లు లేరు. బీదవాని బిడ్డకు అన్నం ఎంత అవసరమో, అవమానం లేకుండా నేర్పడం కూడా అంతే అవసరం. కూలివాళ్ల గుడిసెల మధ్య పరిచర్య చేసే మాకు ఈ ఒక్క సంగతి చాలు, ఈమె పద్ధతిని గౌరవించడానికి.

మద్రాసు మీదుగా మన అంగన్‌వాడీ దాకా

1939 నవంబరులో ఆమె తన కుమారుడు మారియోతో కలిసి మద్రాసు వచ్చారు. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆమెను ఆహ్వానించారు. దేశం నలుమూలల నుండి సుమారు 300 మంది ఆ మొదటి శిక్షణకు వచ్చారు. ఆమె ఇటాలియన్‌లో చెప్తే కుమారుడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు. కొన్ని నెలలు ఉండి వెళ్లిపోదామని వచ్చిన మనిషి. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో, బ్రిటిషు ప్రభుత్వానికి ఆ తల్లీకొడుకులు శత్రుదేశస్థులైపోయారు. కుమారుణ్ణి నిర్బంధించారు, ఆమెను అడయారు దాటవద్దన్నారు. ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజున, కుమారుణ్ణి విడిచిపెట్టారు. ఆమె మాత్రం 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమందిని ఈ పనికి సిద్ధం చేశారు. మళ్లీ 1947లో వచ్చి 1949 దాకా ఉన్నారు.

అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. కాబట్టి ఈ గాలి తెలుగువాళ్లకు త్వరగానే సోకింది. 1955లో విజయవాడలో కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతో బడి పెట్టారు. ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా శ్రమించిన ఆమెకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అలా పట్టణాల్లో ఈ పేరు నిలబడింది.

అయితే పల్లెలకు ఈ పద్ధతి వచ్చిన దారి వేరు. ఆ దారి మన వాళ్లలో చాలామందికి తెలియదు. మాంటిస్సోరి మద్రాసు రాకముందే, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే లాయరు, వకీలు పని మానేసి, 1920లో బాలమందిరం తెరిచారు. మాంటిస్సోరి పుస్తకాలు చదివి, వాటిని మన పిల్లలకు, మన కథలకు, మన ఆటలకు తగ్గట్టు మలుచుకున్నారు. ఆయన వ్రాసిన చిన్న పుస్తకం 'పగటి కల' అనే పేరుతో తెలుగులో కూడా దొరుకుతుంది. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్‌కు మాత్రం ఒక ప్రశ్న నిద్రపట్టనివ్వలేదు. ఖరీదైన చెక్క సామాను ఉన్న ఈ బడి పల్లెల్లోని బీదపిల్లలకు ఎలా అందుతుంది? అందుకే ఆమె మహారాష్ట్ర తీరాన బోర్డి గ్రామానికి, తరువాత కోస్బాడ్‌కు పోయి, వార్లీ ఆదివాసీల మధ్య కూర్చున్నారు. అనూతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. గింజలు, గులకరాళ్లు, ఆకులు, మట్టి, కర్రముక్కలు, చుట్టూ దొరికేవే పాఠాల సామాను అయ్యాయి. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. వాకిలిని అక్కడ 'అంగన్' అంటారు. వాకిట్లోని బడి అంగన్‌వాడీ.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు ఊరూరా వెలిసిన కేంద్రాలకు ఇదే పేరు వచ్చింది. ఈ రోజు తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. గుడ్డు, బాలామృతం ఇచ్చే చోటు అని మాత్రమే మనం అనుకునే ఆ గది, మాంటిస్సోరి ఇంటికి దగ్గరి చుట్టం. నాగోల్‌లో అప్పు చేసి కొనాలనుకుంటున్నదానికి బంధువును మనం ఊళ్లో వదిలేసి పోయాం.

పేరుకు కాపలా లేదు

నాగోల్ కూడా ఒకప్పుడు ఊరే. 2017 నవంబరులో మెట్రో వచ్చాక కాలనీలు ఇంకా చిక్కబడ్డాయి. భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇళ్లు ఎక్కువ. పిల్లలను చూసే చోటు అవసరం నిజమైనది. ఆ అవసరం తీరుస్తున్న ప్లేస్కూళ్లలో మంచివి ఉన్నాయి, ప్రాణం పెట్టి పనిచేసే టీచరమ్మలూ ఉన్నారు. వాళ్లను కించపరచడం మా ఉద్దేశం కాదు. కాని ఒక సత్యం తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మాంటిస్సోరి అనే పేరు ఎవరి సొత్తూ కాదు. 1967లోనే అమెరికాలో దీనిపై వివాదం వస్తే, ఇది ఒక పద్ధతి పేరు గనుక ఎవరైనా వాడుకోవచ్చని తేల్చారు. మన దగ్గరా అంతే. రేపు మనలో ఎవరైనా ఒక గది అద్దెకు తీసుకొని, గోడ మీద సీతాకోకచిలుకలు వేయించి, ఆ పేరు పెట్టుకోవచ్చు. అడిగేవాళ్లుండరు.

గనుక అడగవలసినది మనమే. ఫీజు ఎంత అని అడిగే ముందు, లోపలికి పోయి పది నిమిషాలు నిలబడి చూడండి. చదువు రానివాళ్లు కూడా చూడగలిగే గుర్తులు ఇవి.

మొదటిది, మూడేళ్ల పిల్లలు, నాలుగేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్లు ఒకే గదిలో కలిసి ఉన్నారా? మాంటిస్సోరి గదిలో ఈడు కలిసే ఉంటుంది. పెద్దవాడు చిన్నవాడికి చూపిస్తాడు, చూపిస్తూ తానూ నేర్చుకుంటాడు.

రెండవది, వస్తువులు బిడ్డ చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, లేక తాళం వేసిన బీరువాలో తల్లిదండ్రులకు చూపించడానికి ఉన్నాయా? ఉదాహరణకు ఆ గదుల్లో గులాబీ రంగు దిమ్మెలు పది ఉంటాయి. అన్నిటికంటే చిన్నది 1 సెంటీమీటరు, పెద్దది 10 సెంటీమీటర్లు. తప్పుగా పేర్చితే గోపురం వంకర పోతుంది. "తప్పు" అని టీచరు అరవనక్కర లేదు, ఆ దిమ్మెలే చెప్తాయి. పిల్లవాడు తానే చూసుకొని, తానే దిద్దుకుంటాడు.

మూడవది, ఎంతసేపు పిల్లలను వాళ్ల పనిలో కదపకుండా ఉంచుతారు? నిజమైన చోట దాదాపు మూడు గంటలు. అరగంటకోసారి బెల్లు కొట్టి పుస్తకం మార్పించే చోట ఆ పాపలాగ నలభై సార్లు ఒక పని చేసే అవకాశం ఏ బిడ్డకూ రాదు.

నాలుగవది, మూడేళ్ల బిడ్డకు కాపీ పుస్తకం, హోంవర్క్ ఉన్నాయా? ఉంటే అది పేరు ఏదైనా పాత బడే. మాంటిస్సోరి గదిలో బిడ్డ ముందు గరుకు కాగితంతో చేసిన అక్షరాన్ని వేలితో తడుముతాడు, దాని శబ్దం పలుకుతాడు. పెన్సిలు పట్టే బలం చేతికి వచ్చేదాకా పోయడం, మడవడం, గుండీలు పెట్టుకోవడం వంటి పనులతో వేళ్లు సిద్ధమవుతాయి. ఇది మనకు కొత్తేమీ కాదు. మన వీధిబడిలో తాతలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దలేదా? ఇసుకలో వ్రాయించడం, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించడం ఆండ్రూ బెల్ అనే పాదిరి 1790ల నాటికి మద్రాసులో చూసి, అనాథ బాలుర బడిలో అమలు చేసి, ఇంగ్లాండుకు తీసుకుపోయాడు. మనం పారేసిన దాన్ని మళ్లీ ఫీజు కట్టి కొనుక్కోవడం ఇక్కడ కూడా జరుగుతున్నది.

ఐదవది, నక్షత్రాలు, ర్యాంకులు, బెత్తం ఉన్నాయా? ఆమె బహుమతులూ శిక్షలూ రెండూ తీసేశారు. చేసిన పని పూర్తికావడమే బిడ్డకు బహుమతి అన్నది ఆమె అనుభవం.

ఆరవది, టీచరు ఎక్కడ, ఎన్నాళ్లు శిక్షణ పొందారు? ఈ ప్రశ్న అడిగితే మంచి బడి నొచ్చుకోదు, సంతోషంగా చెప్తుంది.

ఈ ఆరింటిలో సగానికి జవాబు లేని చోట, ఆ పేరు కోసం నెలకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడానికీ కారణం లేదు. ఇది మా ఊహ కాదు. ఆంజెలీన్ లిల్లార్డ్ అనే పరిశోధకురాలు అమెరికాలోని మిల్వాకీ నగరంలో, లాటరీలో సీటు వచ్చి మాంటిస్సోరి బడికి పోయిన పిల్లలను, సీటు రాక వేరే బళ్లకు పోయిన పిల్లలతో పోల్చి 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఐదేళ్ల వయసులో అక్షరాల్లో, లెక్కల్లో, తోటివారితో న్యాయంగా మెలగడంలో మాంటిస్సోరి పిల్లలు ముందున్నారు. తరువాత 2012లో ఆమె మరొక సంగతి చూపించారు. పద్ధతిని ఉన్నది ఉన్నట్టు పాటించిన గదుల్లోనే మేలు ఎక్కువ. వర్క్‌షీట్లు, వేరే సామాను కలిపి పలచన చేసిన చోట అంత మేలు లేదు. పాలలో నీళ్లు కలిపితే డబ్బా మీద పేరు మారదు, బలం మారుతుంది.

ఎదురు వచ్చే మాటలు

"పిల్లలకు ఇంత స్వేచ్ఛ ఇస్తే చెడిపోరా?" అని మా సంఘ పెద్దలే అడిగారు. ఆ గదిలో స్వేచ్ఛకు హద్దు ఉంది. తీసినది తీసినచోట పెట్టాలి. ఇంకొకరి పని చెడగొట్టకూడదు. ఒకే వస్తువు ఇద్దరికి కావాలంటే రెండోవాడు ఆగాలి. ఈ మూడు నియమాలు మన పెద్దవాళ్ల సభల్లో ఎంతమంది పాటిస్తారో ఆలోచించండి. కొందరు విశ్వాసులు సామెతల గ్రంథంలోని బెత్తం మాట ఎత్తుతారు. కాపరి చేతిలోని కర్ర గొర్రెను దారిలో పెట్టడానికి ఉన్నది. గొర్రెపిల్లను కొట్టే కాపరిని ఏ మంద వెంబడించదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. ఆరేళ్లు దాటినవాళ్లకే వద్దన్న బెత్తం మూడేళ్ల బిడ్డకు ఎందుకు?

"ఇంగ్లీషు రాదు కదా" అన్నది రెండో మాట. ఈ మాట వెనక ఉన్న గాయం మాకు తెలుసు. ఆఫీసులో, ఆసుపత్రిలో ఇంగ్లీషు రాక చిన్నబోయిన తండ్రి తన బిడ్డకు ఆ బాధ వద్దనుకుంటాడు. అందులో తప్పు లేదు. కాని మూడేళ్ల బిడ్డ నేర్చుకునేది మాటలను వస్తువులకు, వస్తువులను ఆలోచనకు కలపడం. అది తల్లి భాషలో గట్టిపడితే రెండో భాష దాని మీద నిలబడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే మొగ్గింది. మూడు నుండి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూసి ఆటలతో, పనులతో నేర్పమన్నది. పునాది పోసేటప్పుడు తొందరపడితే ఏమవుతుందో, నాగోల్‌లో పిల్లర్లు లేపే మా మేస్త్రీలకు మేము చెప్పాలా?

మూడో మాట విమర్శకులది, అందులో న్యాయం ఉంది. ఆమె పద్ధతిలో కల్పిత కథలకు, ఊహల ఆటలకు చోటు తక్కువ. అక్కడ మనం ఆమెను అనుసరించనక్కర లేదు. అమ్మమ్మ చెప్పే కథ, వాకిట్లో బొమ్మల పెండ్లి, గుజ్జనగూళ్లు మన బిడ్డలకు ఉండాలి. గిజుభాయి చేసింది కూడా అదే, ఆమె దగ్గర తీసుకోవలసినది తీసుకొని, కథను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మనం చేయగలిగినది

మొదట ఇంట్లో. ఆ వాచ్‌మన్ గదిలోనైనా మాంటిస్సోరి ఉండవచ్చు. కందులు, పెసలు, శనగలు ఒక గిన్నెలో కలిపి మూడు చిన్న గిన్నెల్లో వేరు చేయమనండి. పక్కనే ఉండి చూడండి, పసివాళ్లు గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. చిన్న చెంబుతో నీళ్లు గ్లాసులోకి పోయనివ్వండి. ఒలికితే తుడిచే గుడ్డ కూడా వాడికే ఇవ్వండి. నాన్న పాత చొక్కాకు గుండీలు పెట్టడం నేర్చుకోనివ్వండి. తువ్వాలు మడవనివ్వండి. మీరు చేస్తే ఒక నిమిషం, వాడు చేస్తే పది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలు ఓర్చుకోవడమే బిడ్డకు మీరు కట్టే ఫీజు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బిడ్డ తన పని తాను చేసుకోవడం వేరు, బిడ్డ చేత మన పని చేయించుకోవడం వేరు. ఎనిమిదేళ్ల అక్క బడి మాని తమ్ముణ్ణి చంకన వేసుకొని సైటు దగ్గర కూర్చుంటే, అది శిక్షణ కాదు, అన్యాయం. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలో, యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని వ్రాశారు. మనకు ఎదురయ్యే మేస్త్రీని, బిల్డరును, కార్మిక శాఖవాళ్లను ఆ గది ఏదని అడగండి. ఒక్కరు అడిగితే పనిలోంచి తీసేస్తారన్న భయం ఉంటుంది. పదిమంది కలిసి అడగండి. సాన్ లొరెంజోలో మొదలైంది కూడా అలాంటి ఒక గదితోనే.

రెండవది, మందిరాల్లో. నాగోల్ చుట్టుపక్కల ఉన్న సహ సేవకులకు ఇది మా మనవి. మన మందిరం హాలు ఆదివారం నిండుతుంది, మిగతా ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. పనికి పోయే తల్లుల పిల్లల కోసం పగటిపూట ఆ తాళం తీయవచ్చు. ఏ మతం వాళ్ల బిడ్డ అని చూడకుండా తీయాలి. చాపలు, తక్కువ ఎత్తు అరలు, శుభ్రమైన నీళ్లు, ఓపిక ఉన్న ఇద్దరు అక్కలు, వాళ్లకు సరైన శిక్షణ. వీటితో మొదలుపెట్టవచ్చు. మా పల్లెలోనూ ఇదే చెప్తున్నాం. సండే స్కూల్‌లో వాక్యం బట్టీ పట్టించి చాక్లెట్ ఇచ్చే అలవాటు తగ్గించి, పిల్లల చేతికి ఏదైనా చేసే పని ఇవ్వాలని.

మూడవది, అంగన్‌వాడీలో. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒక టీచరు, ఒక ఆయా. గర్భిణులకు భోజనం, పిల్లల బరువు తూచడం, రిజిస్టర్లు, ఫోనులో యాప్, సర్వేలు, పోలియో చుక్కలు. ఇన్ని పనుల తరువాత పిల్లల చదువుకు ఆ టీచరమ్మకు ఎంత సమయం మిగులుతుంది? తప్పు ఆమెది కాదు. వాకిట్లో మొదలైన బడిని మనం సరుకులు పంచే కౌంటరుగా మార్చేశాం. మన ఓటు అడగడానికి వచ్చిన వాళ్లను రోడ్డు అడుగుతాం, పెన్షన్ అడుగుతాం. ఇక మీదట అంగన్‌వాడీ గదికి రెండో టీచరును అడుగుదాం. పిల్లల చేతికి అందే సామాను అడుగుదాం. రోజుకు మూడు గంటలు ఆ టీచరుకు పిల్లలు తప్ప వేరే పని పెట్టవద్దని అడుగుదాం. పల్లెలో ఉన్నవాళ్లు పల్లెలో, నాగోల్ బస్తీల్లో ఉన్నవాళ్లు అక్కడ. ముందుగా మన బిడ్డను ఆ గదికి పంపి, వారానికొకసారి పోయి కూర్చోండి. తల్లిదండ్రులు కూర్చునే గది బాగుపడుతుంది.

ఇప్పుడు మమ్మల్ని అడిగిన ఆ తల్లిదండ్రులకు నేరుగా జవాబు. నాయనా, అమ్మా, మీ సందులోని బడిని ఆ ఆరు గుర్తులతో చూడండి. నిజమైన పద్ధతి ఉండి, మీ జీతంలో కట్టగలిగితే సంతోషంగా వేయండి. అప్పు మాత్రం చేయకండి. ఆరేళ్లకు ముందు చదువు కోసం చేసిన అప్పు, ఆరేళ్ల తరువాత చదువును తినేస్తుంది. పదో తరగతిలో, ఇంటర్‌లో మీ బిడ్డకు ఆ డబ్బు కావాలి. ఇప్పుడు వాడికి కావలసినది మీ ఓపిక, ఒక చెంబు నీళ్లు, గుప్పెడు గింజలు, తిట్టకుండా నేర్పే ఒక మనిషి. దగ్గరలో అంగన్‌వాడీ ఉంటే వెళ్లి మీ హక్కుగా అడగండి.

ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాడుకుంటుంటే ప్రభువు ఒక చిన్నబిడ్డను తెచ్చి వాళ్ల మధ్య నిలబెట్టాడు. ఆ బిడ్డ ఎవరి బిడ్డో, ఏ బడికి పోయేవాడో సువార్తలో వ్రాసి లేదు. మధ్యలో నిలబెట్టడమే అక్కడి పాఠం. మన ఇళ్లలో, మన మందిరాల్లో, మన ఊరి బడ్జెట్‌లో కూడా బిడ్డ మధ్యలో నిలబడును గాక. ఆమెన్.